గుర్రమును లాగు బండి

మన భాషలో గుర్రపు బండి యనగానే కన్నుల యెదుట నిలుచునది జట్కా. ముందు గుర్రము, వెనుక గూడు, గూటిలో మనము. రైలు దిగి స్టేషను వెలుపలికి వచ్చినవారిని ఇల్లు చేర్చిన ఆ బండ్లను మన శ్రోతలలో పెద్దవారు మరచి యుండరు. నేడు మేము ముచ్చటింపదలచిన గుర్రపు బండి దానికి తలక్రిందులు. ఇందులో గుర్రము బండిలో నిలిచియుండును. మనుష్యులు ముందు మోటారు వాహనములో కూర్చుండి దానిని లాగుకొని పోవుదురు. ఆస్ట్రేలియాలో ఈ బండిని ఫ్లోట్ అందురు. దానిని లాగుటకు నాలుగు చక్రములకును యంత్రబలము అందు వాహనము, అదియును క్రొత్తది, మధ్యతరగతి కుటుంబమునకు అందుబాటు ధరలో ఏరుకొనుట ఎట్లు? ఇదే ఈనాటి ప్రసంగ విషయము.

ఈ విషయము మనకేల యని శ్రోతలు కొందరు అనుకొనవచ్చును. మన దేశమున పందెపు గుర్రములు సాధారణముగా లారీలలో ప్రయాణము చేయును. గుర్రమును పెంచు ఇండ్లు మనలో అరుదు. అయితే మన పిల్లలు నేడు ఎక్కడెక్కడనో కాపురములుండిరి. అక్కడి పల్లెపట్టులలో ఇల్లు కట్టుకొన్నవారికి అక్కడి అవసరములే ఏర్పడును. మా చెల్లెలి కుటుంబము అట్టిదే. 2024 జూలై, ఆగస్టు నెలలలో ఆరు వారములు మేము వారి ఇంట నుంటిమి. ఆ ఆరు వారములలో సగము ఈ వాహనపు చర్చలతోనే గడచినది.

వారుండునది మెల్బోర్న్ నగరమునకు పడమట సుమారు ఏబది, అరువది కిలోమీటర్ల దూరమున నున్న బాకస్ మార్ష్ అను ఊరి పరిసరములలో. పండ్ల తోటల ఊరు. ఊరిలోనికి పోవు దారికి ఇరుప్రక్కల, మొదటి ప్రపంచ యుద్ధమునకు వెళ్లిన సైనికుల గౌరవార్థము నాటిన చెట్ల వరుస కలదు. జూలై అక్కడ శీతకాలము. నేల చిత్తడి, గాలి కోత. మా చెల్లెలు ఆసుపత్రిలో అత్యవసర విభాగమున నర్సు. మా బావగారు లెక్కల ఉద్యోగి. వారి కుమార్తెకు పదునాలుగేండ్లు. ఆ పిల్లకు పందెముల నుండి విరమించిన గుర్రము నొకదానిని కొని యిచ్చిరి. పందెములకు పనికిరాని గుర్రములు అక్కడ చౌక; జీను కొన్న ధర కంటె గుర్రము కొన్న ధర తక్కువయని మా బావగారు నవ్వుచు చెప్పిరి. దాని పచ్చిగోధుమ రంగును చూచి మా మేనకోడలు దానికి బెల్లము అని పేరు పెట్టినది. అక్కడి తోటి పిల్లలు ఆ పేరును పలుకలేక బెల్ అందురు.

ఒక ముచ్చట. ఆస్ట్రేలియా గుర్రము మనకు పరాయిది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇక్కడి ఆశ్విక దళముల కొరకు ఆ దేశము నుండి గుర్రములను ఓడలలో తెచ్చెడివారు. న్యూ సౌత్ వేల్స్ నుండి వచ్చినవి గనుక వానిని వేలర్లు అనిరి. వానిలో ఎన్నియో మద్రాసు రేవున దిగినవి. నాడు గుర్రము సముద్రము దాటి మన వద్దకు వచ్చెను. నేడు మనవారు సముద్రము దాటి గుర్రము వద్దకు పోయిరి.

ఇక అసలు కథ. మేము వెళ్లుటకు రెండు నెలల ముందు, బల్లారత్ పట్టణమున పోనీ క్లబ్బు పిల్లల పోటీ జరిగినది. మా బావగారి కారు ఫ్లోటును లాగునది కాదు. తెలిసినవారొకరు తమ చిన్న వాహనమును, నాలుగు చక్రములకు బలమందునది గదా యని, ఎరువిచ్చిరి. పోవునప్పుడు ఎగువ దారి. వాహనము రొప్పుచు ఎక్కినది. తిరిగి వచ్చునప్పుడు పెంట్లాండ్ కొండల వద్ద దారి దీర్ఘముగా దిగును. ఆ దిగుడులో వెనుకనున్న ఫ్లోటు మొదట కొద్దిగా ఊగెను. ఊగుట పెరిగెను. మా బావగారు భయముతో బ్రేకు త్రొక్కిరి. ఫ్లోటు ఇంకను పెద్దగా ఊగి, ముందున్న వాహనపు తోకను ప్రక్కకు నెట్టెను. దైవవశమున ప్రక్కన ఏ వాహనమును లేదు. ఎట్లో దారి అంచున ఆగిరి. తలుపు తీసి చూడగా గుర్రము మోకాళ్లపై నుండెను, ఒడలంతయు చెమట. గాయము చిన్నదే. కాని ఆనాటి నుండి బెల్లము ఫ్లోటును చూచినంతనే నాలుగు కాళ్లును నేలకు తన్నిపట్టి నిలిచిపోవుచుండెను. పిల్ల కూడ ఆ దారిన కారులో పోవునప్పుడు మాటలాడుట మానెను.

ఎవరును ఏమియు చెడ్డపని చేయలేదు. ఎరువిచ్చినవారు మంచివారు; లాగినవారు జాగరూకులు. పొరపాటు అంకెలలో నున్నది. దానిని ఎవరును కూడి చూడలేదు.

మేము వెళ్లునప్పటికి మా బావగారు క్రొత్త వాహనము కొనుటకు నిశ్చయించుకొని యుండిరి. బల్ల నిండ రంగుల పుస్తకములు. ప్రతిదానిపై పెద్ద అక్షరములతో ఒక అంకె: 3,500. అనగా బ్రేకులు గల ట్రైలరును 3,500 కిలోగ్రాముల వరకు లాగగలదని అర్థము. ఆస్ట్రేలియాలో ఈ అంకె ఒక కులగౌరవమువలె నైనది. అది లేని వాహనమును కొనువారు తమకేదో తక్కువయైనట్లు భావింతురు. "అన్నయ్యా, ఈయన మూడువేల ఐదువందలు అంటే చాలు, సంతకం పెట్టేస్తారు," అని మా చెల్లెలు మొరపెట్టుకొనెను. బావగారు వెంటనే, "మొన్న జరిగింది మీరు చూడలేదు బావగారూ, చూసుంటే మీరూ అదే కొనమంటారు," అనిరి. ఆయన భయము న్యాయమైనదే. కాని భయపడినవాడు అంగడికి పోయినచో అమ్మువానికి పండుగ.

మేము మోటారు శాస్త్రము చదివినవారము కాము. అయినను ఒక సందేహము మాకు కలిగినది. లాగవలసిన బరువు ఎంతయో తెలియక, లాగు బలము ఎంత కావలెనో ఎట్లు చెప్పగలము? ధాన్యము అమ్మువాడు మొదట కాటాకు పోవును గదా. ఆ మాటయే అంటిమి. పొరుగున నున్న రైతు తన పెద్ద వాహనముతో ఫ్లోటును ఊరి కాటాకు లాగుకొని వచ్చెను. అక్కడ చెత్త సేకరణ కేంద్రములలోను, కంకర గనులలోను లారీలను తూచు కాటాలుండును. కొద్దిపాటి రుసుము చెల్లించి ఎవరైనను తూపించుకొనవచ్చును.

ఖాళీ ఫ్లోటు 1,040 కిలోలు తూగినది. రెండు గుర్రములు ప్రక్కప్రక్కన నిలుచునట్టి సామాన్యమైన ఫ్లోటు అది. జీను, కళ్లెములు, దుప్పట్లు, ఎండుగడ్డి, రెండు డబ్బాల నీరు వేసి మరల తూచగా 90 కిలోలు పెరిగినది. బెల్లము ఫ్లోటు ఎక్కదు గనుక మా మేనకోడలు దాని ఛాతీ చుట్టును కొలతనాడాతో కొలిచి బరువు అంచనా వేసినది. ఆ నాడాపై అంగుళములకు బదులు కిలోలే అచ్చు వేసియుండును. 510 వచ్చినది. పందెపు జాతి గుర్రములు సాధారణముగా 450 నుండి 550 కిలోల వరకు నుండును గనుక ఆ అంచనా నమ్మదగినదే. మొత్తము 1,640.

ఎరువు తెచ్చిన చిన్న వాహనపు పుస్తకమును అప్పుడు వెదకి చూచితిమి. దాని హద్దు 1,500. బావగారు ఆ కాగితమును చాలసేపు చేతపట్టుకొని యూరకుండిరి.

కాని కాటా వద్ద తెలిసిన రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. ఫ్లోటు ముందుభాగమున ఒక చిన్న రేకు పలక బిగించి యుండును. దానిపై ఏటీఎం అను మూడక్షరములు, వాని ప్రక్క ఒక అంకె. మనకు ఏటీఎం యనగా డబ్బు ఇచ్చు యంత్రము. అక్కడ ట్రైలరు సరకుతో సహా ఎంత బరువు వరకు ఉండవచ్చునో తెలుపు హద్దు. ఈ హద్దును మీరినచో డబ్బు రాకపోగా జరిమానా పడును. ప్రమాదము జరిగినచో బీమా వారు పరిహారము నిరాకరింపవచ్చును. వారి ఫ్లోటు పలకపై నున్న అంకె 2,000. మా మేనకోడలి స్నేహితురాలి పోనీని కూడ అప్పుడప్పుడు తీసికొని పోవలెనని వారి కోరిక. పోనీ 380, దాని సామాను మరి 40. మొత్తము 2,060. అనగా అరువది కిలోలు అధికము. వెనుకనున్న ఫ్లోటు 2,000 కంటె మోయరానప్పుడు ముందున్న వాహనము 3,500 లాగిన నేమి, పదివేలు లాగిన నేమి? వాహనపు శక్తి, వాహనమునకు బిగించిన కొక్కెపు శక్తి, దాని తలపై నున్న గుండు శక్తి, ఫ్లోటు హద్దు, ఫ్లోటు టైర్ల హద్దు — వీనిలో ఏది తక్కువయో దానిదే తుదిమాట. పోనీ సామానును వారి కారులోనే తెమ్మనిన సరిపోవునా యని బావగారు అడిగిరి. అప్పటికిని ఇరువది కిలోలు ఎక్కువే. ఇక ఒక్క గుర్రమే యని నిశ్చయమైనది. మేనకోడలి మొగము చిన్నబోయినది. స్నేహితురాలికి ఫోనులో చెప్పుటకు ఒక పూట పట్టినది.

పుస్తకములలోని 3,500 గురించి మరియొక మాట చెప్పవలెను. అది అబద్ధము కాదు. కాని పూర్తి నిజమును కాదు. ప్రతి వాహనమునకును మరి రెండు హద్దులుండును, అవి లోపలి పుటలలో చిన్న అక్షరములతో నుండును. ఒకటి వాహనము తాను మోయగల మొత్తము బరువు. దానిని జీవీఎం అందురు. రెండవది వాహనమును ట్రైలరును కలిపి తూచినప్పుడు మించరాని బరువు, అది జీసీఎం. ఉదాహరణకు ఒక వాహనము ననుకొందము. నూనె నింపి, మనుష్యులు లేకుండ దాని బరువు 2,150. జీసీఎం 5,850. ఇందులో నుండి 3,500 ట్రైలరును తీసివేసినచో 2,350 మిగులును. వాహనము తానే 2,150 గదా. ఇక మిగిలినది 200 కిలోలు. ఆ రెండువందలలోనే వాహనము నడుపువాడు, భార్య, పిల్ల, వెనుక బిగించిన ఇనుప కొక్కెము, పెట్టెలు, కుక్క యుండినచో కుక్కయు సరిపెట్టుకొనవలెను. ముగ్గురు మనుష్యులు కూర్చున్నంతనే లెక్క తీరిపోవును. ఇట్టి వాహనముతో నిజముగా 3,500 లాగువాడు ఒంటరిగా, తేలికగా ప్రయాణము చేయువాడై యుండవలెను. అమ్ముచోట ఈ ప్రశ్న అడిగినప్పుడు ఒక కుఱ్ఱవాడు పుస్తకము తిరుగవేసి, లోపలికి పోయి, పెద్దవానిని పిలుచుకొని వచ్చెను. అతడును పుస్తకము తిరుగవేసెను.

ఫ్లోటు ముందువైపు కొంత బరువు వాహనపు గుండుపై మోపవలెను. మొత్తములో పదవవంతు వరకు నుండుట మంచిదని చెప్పుదురు. ఇది మన బండివారికి క్రొత్త సంగతి కాదు. బస్తాలు వెనుకకు ఎక్కువగా వేసినచో కాడి పైకి లేచి ఎద్దుల మెడపట్టెడలు బిగియును. ముందుకు ఎక్కువైనచో కాడి మెడలను నలుపును. ఫ్లోటులోను అంతే. వెనుకకు మొగ్గిన ఫ్లోటు తోక ఊపును. ఆ ఊపునకు బ్రేకు త్రొక్కుట మందు కాదు, విషము. వేగపు మీట నుండి కాలు తీసి, చక్రమును నిలుకడగా పట్టుకొని, ఫ్లోటు బ్రేకులను మాత్రము చేతితో నొక్కగల సాధనము ఉన్నచో దానిని మెల్లగా నొక్కవలెను. ఇక మన బస్తా కదలదు, గుర్రము కదలును. ఎత్తుగా నిలిచి, తన బరువులో సగమునకు మించి ముందుకాళ్లపై నుంచి, మలుపు వచ్చునప్పుడు ముందు చూడలేక, ఒరిగిన తరువాత సర్దుకొనును. అందువలననే ఒక్క గుర్రమును మాత్రమే తీసికొనిపోవునప్పుడు దానిని కుడివైపు, అనగా నడుపువాని వైపు, నిలుపుదురు. అక్కడ మనవలెనే ఎడమ ప్రక్కన పోవుదురు. రోడ్డు అంచు ఎడమకు వాలియుండును గనుక బరువు కుడివైపు నుండుట మేలు. నెత్తిన నీళ్ల కుండతో నడచు ఆడువారిని చూచినవారికి ఈ నడక వేరుగ నేర్పనక్కరలేదు.

బ్రేకుల సంగతి కొద్దిగా. ఆస్ట్రేలియాలో 750 కిలోలు దాటిన ట్రైలరునకు బ్రేకులు తప్పనిసరి. ట్రైలరు తన చక్రములపై మోపు బరువు 2,000 కిలోలు దాటినచో అన్ని చక్రములకును బ్రేకులుండవలెను. అంతేగాక కొక్కెము తెగి ఫ్లోటు విడిపోయినచో తమంతట తామే పట్టుకొని, కనీసము పదునైదు నిమిషములు విడువని బ్రేకులు కావలెను. అంతకు లోపు వానికి తోపుబ్రేకు చాలును: ముందు వాహనము ఆగగానే ఫ్లోటు ముందుకు నెట్టుకొని, ఆ నెట్టుటచేతనే దాని బ్రేకు పడును. వారి ఫ్లోటుది అదే. చట్టమునకు సరిపోవును. కాని దిగుడు దారిలో అది తనకు తోచినప్పుడు పట్టును, నడుపువానికి వశము కాదు. దానిని విద్యుత్ బ్రేకులుగా మార్పించి, ముందు వాహనములో నియంత్రణపు మీట బిగింపించుడని పొరుగు రైతు చెప్పెను. వాహనము కొనుటకు పెట్టుకొన్న మొత్తములో నుండి దీనికి మొదట వేరుగ తీసి పెట్టిరి. ఇది మాకు మెచ్చదగినదిగా తోచినది.

మరి నాలుగు చక్రములకును బలమేల? రహదారిపై లాగుటకు అది అత్యవసరము కాదు. అవసరమగునది గమ్యము చేరిన తరువాత. గుర్రపు పోటీలు పచ్చికబయళ్లలో జరుగును. ప్రొద్దున గట్టిగానున్న నేల మధ్యాహ్నపు వానకు సబ్బువలె నగును. ఫ్లోటు గుండుపై మోపిన బరువుచే వాహనపు వెనుకభాగము క్రుంగి, ముందు చక్రములు తేలికపడును. వెనుక చక్రములు బురదలో తిరిగినచోటనే తిరుగును. అట్టిచోట మన పాత తహసీల్దారుగారి జీపు చేసిన పనియే ఇవియు చేయును. ఈ వాహనములలో రెండు తెగలున్నవి. కొన్నింటిలో నాలుగు చక్రముల పద్ధతి బురదలో మాత్రమే వాడవలెను. ఆరిన తారు రోడ్డుపై వాడినచో మలుపులలో ముందు వెనుక చక్రముల వేగపు తేడాను అది ఓర్వలేక యంత్రభాగములు బిగిసి దెబ్బతినును. కొన్నింటిలో మధ్యన తేడాను సర్దు ఏర్పాటుండుటచే వానలో తడిసిన రోడ్డుపైనను నిశ్చింతగా వాడవచ్చును. లాగువారికి రెండవదే మేలు. దాని వెల కూడ మేలుగానే యుండును.

ఇప్పుడు పేర్లు. మేము ఎవరికిని దళారులము కాము. మా బావగారు చూచిన వానిని చూచినట్లు చెప్పుచున్నాము.

మొదట మా మనస్సు లాగినది మహీంద్రా వారి స్కార్పియో వైపు. 1940ల చివర విల్లీస్ జీపులతో మొదలుపెట్టిన మన దేశపు సంస్థ, 2005 నుండి ఆస్ట్రేలియాలో ట్రాక్టర్లు అమ్మి, 2023లో ఈ వాహనమును అక్కడ దింపినది. ఆనాడు ప్రారంభ ధర అన్ని రుసుములతో సుమారు 42 వేల డాలర్లు. అంతటి వాహనము ఆ ధరకు అక్కడ దొరకుట అపురూపము. లాగు హద్దు 2,500. 1,640 లాగవలసినవారికి ఎంతయు చాలును. డీజిలు యంత్రము, 400 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము, ఏడేండ్ల హామీ. దుకాణములో ఆ పేరు చూడగానే మాకు గుండె ఉప్పొంగిన మాట దాచము. బావగారి చెవిలో, "ఇదే తీసుకోండి," అని కూడ అంటిమి.

మా చెల్లెలు వినలేదు. ఆస్ట్రేలియాలో ఆన్‌క్యాప్ అను సంస్థ క్రొత్త వాహనములను గుద్దించి, పరీక్షించి, అయిదు తారలకు ఎన్ని తారలో ప్రకటించును. 2023లో స్కార్పియోకు సున్న తారలు వచ్చినవి. అదే వాహనమునకు 2022లో మన దేశపు నమూనాపై గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు పెద్దల రక్షణ విభాగమున అయిదు తారలిచ్చిరి. రెండును నిజమే, ప్రశ్నపత్రములు వేరు. ఆస్ట్రేలియా వారు ముందున్న వాహనమును పసిగట్టి తానే బ్రేకు వేయుట, వరుస తప్పకుండ కాచుట మొదలైన సాధనములను కూడ లెక్కింతురు. నాడు పరీక్షించిన వాహనమున అవి లేవు. మేము ఈ వాదమునంతను వినిపించితిమి. మా చెల్లెలు చేతిలో పని ఆపకుండ, "అన్నయ్యా, రాత్రి డ్యూటీలో స్ట్రెచర్ మీద వచ్చేవాళ్లకి ఏ దేశం బండో నేను అడగను," అనెను. ఆ తరువాత మేము ఆ వాహనపు ప్రసక్తి తేలేదు. వాహనములు ఏటేట మారుచుండును గనుక ఇప్పుడు కొనువారు ఆ యేటి నివేదికను చూచుకొనుట న్యాయము.

కొరియా దేశపు ముస్సో తక్కువ ధరకే 3,500 అంకెతో నిలిచినది. కాని దానికి అప్పటికి తారల పరీక్షయే జరుగలేదు. ఒక సున్నకు వెనుదీసిన ఇల్లాలు ఖాళీ కాగితమునకు ఒప్పుకొనునా? ఇసుజు ఎం.యు.ఎక్స్. అందరికి నచ్చినది, బావగారి సంచికి అందలేదు. చివరకు నిలిచినది మిత్సుబిషి వారు 2024లో తెచ్చిన క్రొత్త ట్రైటన్. అది వెనుక తొట్టి గల వాహనము, గడ్డిమోపులకు అనుకూలము. అయిదు తారలు. 470 న్యూటన్ మీటర్లు. జీసీఎం 6,250 గనుక వారి వాహనము, ఫ్లోటు, ముగ్గురు మనుష్యులు, గుర్రము కలిసిన మొత్తమునకు దానికి చాలినంత ఎడము మిగులును. లాగు వాహనము వెనుకదాని కంటె బరువైనదగుట గూడ ఊపు వచ్చినప్పుడు అక్కరకు వచ్చును. ఫ్లోటు ఊగినచో పసిగట్టి సర్దు ఏర్పాటు ఉన్నది. తమ వద్దనే మరమ్మతులు చేయించుకొన్నచో పదేండ్ల హామీ యనిరి.

తడిరోడ్డుపైనను వాడదగిన నాలుగు చక్రముల పద్ధతి దానిలో పైతరగతి నమూనాలకే యుండెను. అది వారి హద్దును మించినది. రెండు రాత్రులు లెక్కలు వేసి, క్రింది తరగతి దానినే తీసికొని, మిగిలిన డబ్బుతో కొక్కెము, విద్యుత్ బ్రేకులు, మంచి టైర్లు వేయించుట మేలని నిర్ణయించిరి. మా చెల్లెలికి ఇందులో కొంత అసంతృప్తి మిగిలెను. బల్లారత్ వైపు వానలు ఎక్కువ. ఆమె మాట కొట్టివేయదగినది కాదు. మా వరకు చేతిలోని డబ్బు బ్రేకులకు పోవుటే మేలనిపించినది. ఇట్టి చోట ఇద్దరును సరియే కావచ్చును.

మరియొక సంగతి. విక్టోరియా రాష్ట్రమున క్రొత్తగా లైసెన్సు పొందినవారు, ఎర్ర పలక కాలము గడచువరకు, కొన్ని మినహాయింపులతో తప్ప ట్రైలరు లాగరాదు. మేనకోడలు పదునెనిమిదేండ్లు నిండగానే తానే నడిపెదనని అప్పుడే కలలు కనుచున్నది గనుక ఈ మాట తల్లి రెండు మారులు చదివి వినిపించెను. పడమటి ఆస్ట్రేలియాలో లాగుచున్నప్పుడు గంటకు 100 కిలోమీటర్లు దాటరాదను నియమము 2024లో నుండెను. ఏ రాష్ట్రములోనైనను ఫ్లోటులో గుర్రముతోపాటు మనుష్యులు ప్రయాణము చేయరాదు.

ఆగస్టు మొదట వాహనము ఇంటికి వచ్చెను. ఫ్లోటును దానికి తగిలించి పెరటిలో నిలిపిరి, ఎక్కడికిని కదల్పలేదు. లోపలి అడ్డుపలకను ప్రక్కకు త్రోసి చోటు పెంచిరి. దాణా గిన్నెను మొదటి దినము వాలుపలక క్రింద, మరునాడు దాని నడుమ, ఇట్లు జానెడు జానెడు లోపలికి జరిపిరి. ఎవరును లాగలేదు, తరుమలేదు. మా మేనకోడలు చలిలో శాలువ కప్పుకొని ప్రక్కన పీటపై కూర్చుండి బడి పాఠములు చదువుకొనెను. ఆరవ దినమున ముందుకాళ్లు రెండును ఎక్కినవి. పదునొకండవ దినమున బెల్లము తనంత తాను లోపలికి నడచి, తల త్రిప్పి, మేమందరము ఊపిరి బిగబట్టి నిలుచుటను చూచినది.

మా ప్రయాణమునకు ముందటి దినము ఆదివారము. బావగారు గుర్రమును కుడివైపు నిలిపి, గొలుసులు రెండు మారులు చూచుకొని, బల్లారత్ దారి పట్టిరి. మేము వెనుక సీటున మేనకోడలి ప్రక్కన కూర్చుంటిమి. కొండ యెక్కునప్పుడు యంత్రము శబ్దము మారెనే కాని రొప్పలేదు. పైన చల్లగాలిలో ఒక అరగంట గుర్రమును దింపి నడిపించి, వెనుకకు మరలితిమి. పెంట్లాండ్ కొండల దిగుడు మొదలగు చోట బావగారు ముందుగానే తక్కువ గేరు వేసి, వేగము ఎనుబదికి దింపిరి. మేనకోడలు మా చేయి పట్టుకొనెను. వెనుక ఒక లారీ హారను మ్రోగించి, ప్రక్కవరుసకు మారి దాటిపోయెను. దాని గాలికి ఫ్లోటు కొద్దిగా చలించి, వెంటనే నిలుకడకు వచ్చెను. బావగారు మాటలాడలేదు. దిగుడు ముగియు వరకు ఎవరును మాటలాడలేదు.

క్రింద దారి ప్రక్కన విశ్రాంతిస్థలమున ఆగితిమి. పిల్ల పరుగున పోయి ఫ్లోటు ప్రక్కతలుపు తీసెను. బెల్లము చెమట పట్టలేదు. చెవులు మాత్రము మా వైపు త్రిప్పి, వలలోని ఎండుగడ్డిని నమలుచునే యుండెను. మా చెల్లెలు ఫ్లాస్కు మూత తీసి అందరికి టీ పోసెను. బావగారు కప్పును రెండు చేతులతో పట్టుకొని, "పలకమీద అంకె ముందే చూసుంటే బాగుండేది, బావగారూ," అని, ఫ్లోటు చక్రముల బిగింపు మరియొకమారు చూచుటకు పోయిరి.